ఆరిన తరువాతి రంగు

తడి సున్నం తెల్లగా ఉండదు. కుంచె దాటిన మరుక్షణం గోడ మీద మిగిలేది పలుచని తడి మాత్రమే. దాని కింద మట్టి, పాత పూత, ఎప్పుడో పడిన నెర్రె అన్నీ కనబడుతూనే ఉంటాయి. కొత్తగా చూసేవాళ్లకు పని చెడిందనిపిస్తుంది. పూసే స్త్రీ చెయ్యి ఆగదు. ఎక్కడ ఒక చెయ్యి పడింది, ఎక్కడ రెండు పడ్డాయి, ఎక్కడ కుంచె ఎగిరి దాటింది అన్నది ఆ తడి మెరుపులోనే ఆమె చదువుకుంటుంది. తెలుపు మెల్లగా వస్తుంది, నిండుగా రావాలంటే తెల్లారాలి. ఆమె కళ్లముందున్నది ఇవాళ్టి తడి, చేతిలో ఉన్నది రేపటి తెలుపు. చిత్రకళలో ఇంతకంటే కఠినమైన చూపు నాకు తెలియదు. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల పల్లెల్లో ఈ చూపు తరతరాలుగా ఆడవాళ్లది.

ఆ తెలుపు ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే మోహం ఇంకా పెరుగుతుంది. సున్నపురాయిని బట్టీలో తొమ్మిది వందల డిగ్రీల దాకా కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు వెళ్లిపోతుంది. మిగిలిన గడ్డను నీళ్ల గోలెంలో వేస్తే బుసబుస పొంగి, చెయ్యి పెట్టలేనంతగా కాగుతుంది. దాన్ని నాననిచ్చి, గుడ్డలో వడగట్టి, ఇంత తుమ్మబంకో గంజో కలిపి, చివర చిటికెడు నీలిమందు వేస్తారు. గోడకెక్కిన తర్వాత ఆ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును మళ్లీ పీల్చుకొని రాయిగా మారుతుంది. బట్టీలో పోయింది గోడ మీద తిరిగొస్తుంది. కృష్ణ ఒడ్డున వాడపల్లి, మట్టపల్లి దిక్కున నేల కింద ఈ రాయే పరుచుకొని ఉంది. అక్కడి సిమెంటు ఫ్యాక్టరీలు లేచింది దాని మీదనే. కనుక సున్నం వేసిన మట్టిగోడ మీద ఉన్నదాన్ని రంగు పొర అంటే తక్కువ చెప్పినట్టు. అది వెంట్రుకవాసి మందాన పరిచిన రాయి. ఆ రాతిలోని సన్నని పలుకులు వెలుతురును లోపలికి తీసుకొని, విరిచి, వెనక్కి పంపుతాయి. సున్నపు తెలుపు కంటికి గుచ్చుకోకుండా లోపలినుంచి వెలుగుతున్నట్టుండేది అందుకే.

తెలుపు కింద జాజు. ఇనుప పాలు ఎక్కువగా ఉన్న ఎర్రమన్ను అది. దక్కను గుట్టల సొరికెల్లో ఆదిమానవులు ఎద్దులనూ జింకలనూ గీసింది ఈ జాతి ఎరుపుతోనే. ఇంటి గోడ అడుగున మోకాలెత్తున ఈ ఎరుపును పట్టెగా తీస్తారు. ఎందుకని అడిగితే అందానికంటారు. నిజమే, కానీ ఆ అందం వెనుక ఒక గడుసు ఆలోచన ఉంది. చూరు నుంచి కారే వాన నేలను చిమ్మి గోడ అడుగును మరక చేస్తుంది. చల్కనేలల ఊళ్లో ఆ మరక ఎర్రగానే ఉంటుంది. మరక ఏ రంగులో పడబోతున్నదో ఆ రంగునే ముందుగా గోడకు ఇచ్చేస్తే ఇక మరక అన్నది ఉండదు. వానకంటే ముందే వాన చెయ్యబోయే పనిని అందంగా చేసిపెట్టిన ఆ ఆలోచన ఏ అవ్వదో, ఆమెకు నా దండం.

తెలుపు ఆగి ఎరుపు మొదలయ్యే గీతను చూడాలి. వడ్లవాళ్లు కట్టె మీద గుర్తు పెట్టుకోవడానికి జాజులో ముంచిన దారాన్ని లాగి కొడతారు. సూటి గీత పడుతుంది. ఇంటి గోడకు ఆడవాళ్లు దారం వాడగా నేను చూడలేదు. జాజులో తడిపిన గుడ్డను నాలుగు వేళ్లకూ బొటనవేలికీ మధ్య పట్టుకొని, గోడ వెంట పక్కకు జరుగుతూ పోతారు. మట్టిగోడ సూటిగా ఉండదు. ఒకచోట ఉబ్బుతుంది, ఒకచోట లోపలికి పోతుంది, గడప దగ్గర పైకి లేస్తుంది. దారం కొడితే గోడ వంకర బయటపడుతుంది. చేతి గీత గోడతోపాటే ఉబ్బి, గోడతోపాటే తగ్గి, దూరంనుంచి చూసినప్పుడు సూటిగా కనబడుతుంది. కొలతకు వంకరైన గీత కంటికి సూటిగా నిలవడం ఎంత పెద్ద విద్యో, గోడ ముందు నిలబడి ఒకసారి గీయబోతే అర్థమవుతుంది.

ఈ గోడను చూడవలసిన వేళ కూడా ఒకటుంది. ఎండాకాలం మొదట్లో, పొద్దు వాలేముందు, ఎర్రటి చల్క మీద పడిన ఎండ నేల నుంచి లేచి గోడకు తగులుతుంది. జాజు పట్టెకు పైన రెండు జానల మేర సున్నం లేత గులాబీ పులుముకుంటుంది. ఆ రంగును ఎవ్వరూ పూయలేదు, అయినా అది ఆ పూతలో భాగమే. తెలుపు అంత నిర్మలంగా లేకపోతే నేల రంగును అది పట్టుకోలేదు. నల్లగొండ పక్కన పానగల్లులో కందూరు చోడుల నాటి ఛాయా సోమేశ్వరాలయంలో శివలింగం వెనుక పొద్దంతా ఒక స్తంభపు నీడ కదలకుండా నిలుస్తుంది. మండపంలోని స్తంభాల నడుమనుంచి వచ్చే వెలుతురును లెక్కగట్టి శిల్పులు సాధించిన పని అది. దాన్ని చూడటానికి దూరంనుంచి జనం వస్తారు, రావాలి కూడా. గోడ మీద వెలుతురు ఏం చేస్తుందో ఎరిగినవాళ్లు ఈ నేలలో గుడి కట్టినవాళ్లు ఒక్కరే కారు. బజారులో పది ఇళ్లు దాటితే ఇంకొక సాక్ష్యం దొరుకుతుంది. దానికి టికెట్టు లేదు, బోర్డు లేదు.

చెయ్యి ఊరికే కుదరదు. బతుకమ్మ కోసం గునుగుపువ్వు కట్టలు తెచ్చి, తెల్లటి కొసలను రంగునీళ్లలో ముంచి ఆరబెట్టే పిల్ల ఒక సంగతి నేర్చుకుంటుంది: నీళ్లలో ఉన్న రంగు వేరు, పువ్వు మీద ఆరిన రంగు వేరు. తంగేడు పసుపు పక్కన ఏ ఎరుపు పెడితే పసుపు లేస్తుంది, ఏది పెడితే చస్తుంది అన్నది తల్లి చెప్పకముందే కంటికి తెలుస్తుంది. వాకిలి అలికి ముగ్గు వేసేటప్పుడు పిడికిలి నుంచి పిండి ఎంత వదిలితే గీత ఎంత లావు అన్నది వేళ్లకు తెలుస్తుంది. ఇదంతా పని అని ఎవరూ అనలేదు. పండుగ అన్నారు.

డబ్బుకు కుంచె పట్టిన ఆడవాళ్లు కూడా మన ఊళ్లలో మొదటినుంచీ ఉన్నారు, మన లెక్కలోకి రాలేదంతే. ఐరేని కుండల సంగతే చూడండి. తెలంగాణ పెళ్లిలో కుమ్మరింటినుంచి ఐరేండ్లు రావాలి. మేళంతో పోయి, బియ్యం, బట్ట, కట్నం పెట్టి ఆ కుండలను తెచ్చుకుంటారు. సారె మీద కుండను లేపేది సాధారణంగా మగవాళ్లు. మన్ను తొక్కి, పిసికి, చివరికి పూత పూసి చిత్రాలు వేసే పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్లది. తెల్లటి నేల మీద జాజు గీతలు, చుక్కలు, అల్లికలు. ఇప్పుడు డబ్బా రంగులూ వచ్చాయి. గోడకు రెండు కొసలుంటాయి. ఎక్కడో మొదలుపెట్టి ఎక్కడో ఆపవచ్చు. కుండకు ఆ వీలు లేదు. మెడ కింద చుట్టూ తీసిన గీత తిరిగి తిరిగి తన మొదటికే రావాలి. పావు వేలు కిందికి దిగినా అతుకు కనబడుతుంది. కుండను ఎడమచేత్తో తిప్పుతూ, కుడిచేతిని దాదాపు కదపకుండా నిలిపి, గీతను తన తోకతో కలిపేసే ఆ క్షణంలో నేర్పరి ముఖం చూడాలి. ఊపిరి కూడా కాసేపు ఆగుతుంది. కల్యాణం చూడటానికి వచ్చిన జనం ఆ కుండల మీదికి దృష్టి పోనివ్వరు. పెళ్లి మొత్తంలో చేతితో గీసిన కళ అంటూ మిగిలింది చాలాచోట్ల ఆ కుండలే.

దక్షిణాఫ్రికాలో న్‌డెబెలె జాతి ఆడవాళ్లు ఇళ్ల గోడల మీద పెద్దపెద్ద ఆకారాలను వేస్తారు. వాళ్లలో ఎస్తర్ మహ్లంగు 1935లో పుట్టింది. పదేళ్ల వయసులో తల్లి దగ్గర, అవ్వ దగ్గర గోడ పని నేర్చింది. కోడి ఈకను కుంచెగా పట్టి, కొలబద్ద లేకుండా సూటి గీతలు తీస్తుంది. 1989లో పారిస్‌లో పెద్ద ప్రదర్శనకు పిలిచారు, 1991లో బి.ఎమ్.డబ్ల్యు. కంపెనీ తన కారునే ఆమె చేతికిచ్చి రంగులు వెయ్యమన్నది. ఆ కంపెనీ కార్లకు ఇలా రంగులు వేసిన చిత్రకారుల వరుసలో ఆమె మొదటి మహిళ. ఆమె పని ఫోటోలను చూసినప్పుడల్లా నాకు నారాయణపేట, దేవరకొండ దిక్కు ఇళ్ల గడపలు గుర్తొస్తాయి. పసుపు పూసిన గడప మీద కుంకుమ బొట్లు ఎంత ఎడంగా పెట్టాలో కొలిచి పెట్టినవాళ్లు లేరు. అయినా ఎడం తప్పదు. మహ్లంగును లోకం చిత్రకారిణి అన్నది. అనడం వల్ల ఆమె గీత మారలేదు, చూసే కళ్లు మారాయి.

మన దగ్గర ఆ చేతులు ఎటు పోయాయో చెప్పాలి. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ మొదలు దేశంలో ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు, ఆ తర్వాత హైదరాబాదు మేడలకు పాలమూరు లేబర్ పోయింది. జంటలు జంటలుగా పోయారు. మగవాడు తాపీ పట్టాడు, సుతారి అయ్యాడు, మేస్త్రీ అయ్యాడు. ఆడమనిషి తల మీదికి తట్ట ఎక్కింది, చాలామందికి దిగలేదు. రంగుల పనిలోనూ అదే వరుస. ఇంట్లో గోడ మొత్తం తన చేతిమీదుగా పూసిన మనిషి, పట్నంలో పెయింటరు భర్త వెంట పోయి లప్పం కలిపింది, గోడ గీకింది, డబ్బాలు కడిగింది. అడ్డా మీద ఆమె కూలి హెల్పరు కూలి. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. పని పేరే వేరుగా రాస్తే చట్టానికి పట్టు దొరకదు. ఐటీఐలో రెండేళ్ల పెయింటర్ కోర్సు ఉంది. 1998లో హైదరాబాదులో మొదలైన జాతీయ నిర్మాణ అకాడమీ ఇలాంటి చేతిపనులను నేర్పుతున్నది. ఆ తలుపుల గుండా ఆడపిల్లలు ఇంకా చాలామంది రావాలని గట్టిగా కోరుకుంటాను. కానీ ఇక్కడ నేను చూపించాలనుకున్నది కోర్సు దాకా పోకుండానే, హెల్పరు నుంచి కుంచెకు, కుంచె నుంచి మేస్త్రమ్మ దాకా ఎక్కివచ్చిన మనిషి చేతిలోని రసం.

మొదట ఆమె అరచేతిని చూడండి. లప్పం ఆరాక ఎమరీ కాగితంతో రుద్దుతారు. సాఫీ అయిందా లేదా అన్నది కంటికంటే ముందు చేతికి తెలియాలి. జొన్నరొట్టెను అరచేతుల మధ్య తట్టి అంతటా ఒకే మందానికి తెచ్చిన చెయ్యి అది; గోడ మీద ఎక్కడ గుంట, ఎక్కడ దిమ్మె అన్నది తడిమి చెబుతుంది. ఆ తర్వాత బల్బు పెట్టి చూస్తుంది. ఎదురు వెలుతురులో ఏ గోడైనా మంచిగానే ఉంటుంది. బల్బును గోడకు ఆనించి పక్కనుంచి వెలుతురు పారిస్తే ప్రతి లోపం నీడ వేసుకొని లేస్తుంది. నిజమైన నేర్పరి ఆ బల్బుకు వెరవదు, తనే పెట్టిస్తుంది. కూలికి వచ్చినవాళ్లను కళకు వచ్చినవాళ్లనుంచి వేరుచేసే పరీక్షగా దీన్ని భావిస్తాను.

ఇక కన్ను. ఇక్కడే నాకు అన్నిటికంటే అబ్బురమనిపించే విషయం ఉంది. సున్నం ఆరితే తెల్లబడుతుంది, జాజు ఆరితే లేతబడుతుంది. పల్లె నేర్పిన రంగులన్నీ ఆరేకొద్దీ వెలుతురు వైపు నడుస్తాయి. డబ్బాలో వచ్చే ఎమల్షన్ అలా కాదు. తడిగా ఉన్నప్పుడు దాని జిగురు పాలలా తెల్లగా ఉండి రంగును లేతగా చూపుతుంది. ఆరి ఆ జిగురు నిర్మలమయ్యాక రంగు చిక్కబడుతుంది. అంటే ఊళ్లో అవ్వ దగ్గర నేర్చిన చూపును పట్నంలో తిరగేసుకోవాలి. సంగీతంలో ఆరోహణ నేర్చినవాళ్లు అవరోహణ పాడినట్టు అనుకోవద్దు, అది ఒకే రాగం. ఇక్కడ రాగమే మారింది, చెవి మాత్రం అదే. ఊళ్లో సున్నం వేయించుకునే ఇల్లాలు కంగారుగా అంటుంది:

"ఏందక్కా, గోడంత మబ్బు పట్టినట్టున్నది?"

"ఆరనియ్యి చెల్లె. తెల్లారి చూడు, మెరుస్తది."

పట్నంలో ఫ్లాటు యజమానురాలు దానికి ఎదురు ప్రశ్న వేస్తుంది:

"మేం చెప్పిన షేడు ఇది కాదు కదమ్మా, మరీ లేతగా ఉంది."

"రేపు దిగుతది మేడమ్. ఇయ్యాల ముదురు చేస్తే రేపు గది చీకటైతది."

ఈ రెండు జవాబులనూ ఒకే నోరు చెప్పగలగడం, రెండుచోట్లా అది నిజం కావడం, ఇదే ఆ వృత్తి పాండిత్యం. రెండు కాలాల రంగులు, రెండు రసాయనాలు ఒక్క కంటిలో ఇమిడి ఉన్నాయి. బడిలో ఏళ్ల తరబడి రంగుల సిద్ధాంతం చదివినవాళ్లకు కూడా ఇంత తేలికగా అబ్బే విద్య కాదిది.

పూత పడే తీరులో లయ ఉంటుంది. సున్నానికి పాత నియమమొకటి ఉంది: పైనుంచి కిందికి ఒక చెయ్యి, అది ఆరకముందే కిందినుంచి పైకి ఒకటి, తర్వాత అడ్డంగా కుడినుంచి, మళ్లీ ఎడమనుంచి. ప్రభుత్వ పనుల నిబంధనల్లో దీన్ని రాసిపెట్టారు. మన అవ్వలు రాసుకోకుండానే పాటించారు. రోలరుతో ఎమల్షన్ వేసేటప్పుడు ఆ లయ ఇంకో రూపం తీసుకుంటుంది. తడి అంచు ఆరకముందే పక్క పట్టె దాన్ని అందుకోవాలి; లేకపోతే అతుకు గీతలా నిలిచిపోతుంది. అందుకే ఒక గోడ మొదలుపెట్టాక నడుమ టీ తాగడానికి దిగరు. మూల నుంచి మూల దాకా ఒకే ఊపు. పరంజా మీద ఒక మనిషి, కింద ఒక మనిషి, ఇద్దరి తడులూ నడుమ కలిసేలా కాళ్లు కదపాలి. ఇద్దరు ఆడవాళ్లు ఇలా ఒక గోడను పంచుకొని పూస్తుంటే మాటలు అవసరం పడవు. ముందు ఎవరు నెమ్మదిస్తే రెండోవాళ్లు తెలియకుండానే నెమ్మదిస్తారు. కోలాటంలో చిరుతలు కలిసే చోటు ముందే తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు.

ఒక మాట అనకుండా ఉండలేను. సున్నం ఉన్న మట్టిగోడల మీద ప్లాస్టిక్ ఎమల్షన్ పూయడం నాకు బాధ కలిగిస్తుంది. మట్టి తడిని పీల్చి వదులుతుంది. సున్నం దాన్ని పోనిస్తుంది. ఎమల్షన్ మూతి మూస్తుంది. తడి లోపలే నిలిచి ఒకనాడు పొర పొరగా ఊడిపడుతుంది. పల్లెల్లో బొబ్బలెక్కిన గులాబీ, ఆకుపచ్చ గోడలు కనబడితే రంగు తప్పు అనుకోకండి, జత తప్పు. సున్నాన్ని మానిన కారణమూ నాకు తెలుసు. సున్నం చేతులను కాలుస్తుంది, కంట్లో పడితే ప్రమాదం, ఏటేటా వేయాలి. నూనె రాసుకొని, ముఖానికి గుడ్డ కట్టుకొని ఆ పని చేసినవాళ్లకు డబ్బా రంగు సుఖంగానే తోస్తుంది. ఇళ్లలో వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90కి మించరాదన్న నియమం 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. కుంచె పట్టేవాళ్ల ఊపిరికి అది కాస్తయినా మేలు. పాత రంగును గీకే పనిలో మాత్రం వెనకటి సీసం దుమ్ము ఇంకా లేస్తుంది. ఆ గీకే పని ఎవరి వంతో పైన చెప్పాను.

తోట వైకుంఠం గారి బొమ్మల్లో తెలంగాణ స్త్రీ నిండుగా కూర్చుంటుంది. పెద్ద బొట్టు, నల్లని ఒళ్లు, పచ్చని ఎర్రని చీర. ఆ బొమ్మలంటే నాకు చాలా ఇష్టం. గ్యాలరీలో వాటి ముందు నిలబడ్డప్పుడు నా చూపు ఒక్కోసారి చట్రం దాటి వెనుకనున్న తెల్ల గోడ మీదికి పోతుంది. మచ్చ లేదు, గీత లేదు, అతుకు లేదు. బొమ్మలోని ఎరుపు అంత లేచిందంటే ఆ తెలుపు దాన్ని మోసినందుకు. అదీ ఒక కుంచె పనే. ఎవరో లప్పం పెట్టారు, ఎవరో రుద్దారు, ఎవరో రెండు కోటింగులు వేశారు. సంతకానికి చోటు లేని చిత్రం అది.

గృహప్రవేశానికి పోయినప్పుడు అందరూ హాలులోని పెద్ద గోడనూ, దాని మీద వేయించిన డిజైనునూ చూపిస్తారు. మీరు కిటికీ పక్కకు పోండి. కిటికీ చట్రానికీ గోడకూ నడుమ రెండు రంగులు కలిసే గీత ఉంటుంది. గోడ పైకి పోయి స్లాబును తాకే చోట ఇంకొకటి. పనివాళ్లు దాన్ని కటింగు అంటారు. టేపు అంటించి చేస్తే గీత మీద సన్నని గట్టు మిగులుతుంది, వేలితో తాకితే తెలుస్తుంది. చేత్తో చేసినదానికి గట్టు ఉండదు. రెండించుల కుంచెను అంచుమీద నిలబెట్టి, మోచేతిని ఒంటికి ఆనించి, నిచ్చెన మీద మెడ వెనక్కి వంచి, ఒక్క ఊపిరిలో తీసిన గీత అది. దారం లేకుండా జాజు పట్టె తీసిన చెయ్యి ఇక్కడ అదే పనిని తలకిందులుగా, తొమ్మిదడుగుల ఎత్తున చేసింది. కాంట్రాక్టులో గోడకు చదరపు అడుగు లెక్క కడతారు, కటింగుకు వేరే లెక్క ఉండదు, అది గోడలోనే పోతుంది. ఏ మేస్త్రమ్మ అయినా "గోడది వేరు సార్, కటింగుది వేరు" అని నాతో అంటే బేరమాడను, అడిగినంత ఇస్తాను.